పముఖుడి నుండి ప్రధాన్ వరకు: పెద్దరికపు మాటల్లో బౌద్ధాంధ్ర చరిత్ర

ఢిల్లీకి తూర్పున, యమునకు ఆవలి గట్టున ఉన్న మయూర్ విహార్ పేరులోని రెండు పదాలూ బౌద్ధులకు కొత్తవి కావు. విహారం భిక్షువుల నివాసం. మయూరం నెమలి, పాళీలో దానిని మోర అంటారు. బౌద్ధ సంప్రదాయం మోరియుల వంశనామాన్ని ఆ పక్షితోనే ముడిపెట్టింది. తథాగతుని మహాపరినిర్వాణానంతరం ధాతువుల పంపకం ముగిసిన తరువాత వచ్చి, చితిలోని బొగ్గులనైనా ఇమ్మని అడిగి తీసుకుపోయిన పిప్ఫలివన మోరియుల కథ మహాపరినిబ్బాన సుత్తంలో ఉన్నది. అశోకుడు తనవాడని చెప్పుకొన్న వంశం అదే. ఈ కాలనీకి పేరు పెట్టినవారు ఇదంతా తలచి పెట్టారని మేము అనము. ప్రీత్ విహార్, వివేక్ విహార్, ఆనంద్ విహార్ అని వరుసగా పేర్లు పెడుతూ పోయిన కాలంలో ఇదీ ఒకటి. అయితే మాటకు ఒక గుణం ఉన్నది. పలికేవాడు మరచిపోయినా అది తన పుట్టుకను మరచిపోదు. అడిగితే చెబుతుంది.

ఈ వ్యాసంలో మేము అడగదలచినది ఒక తరగతి మాటలను: పెద్దరికాన్ని, నిర్వహణను, నాయకత్వాన్ని తెలిపే మాటలను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, నాయకుడు, పెద్ద. మన నగరంలో వీటికి ప్రధాన్‌జీ, సెక్రటరీ సాబ్ అన్నవి తోడైనాయి. దీక్ష తీసుకొన్న మనకు ఇది నిఘంటువుల ముచ్చట కాదు. ఎవరిని ఏమని పిలవాలో, ఎవరు ఎవరిని ఏమని పిలవకూడదో శాసించిన వ్యవస్థ నుండి బయటికి వచ్చినవారం మనం. పిలుపులో అధికారం ఎక్కడ దాగి ఉంటుందో మనకు పుస్తకాలు చదవకముందే తెలుసు. కనుక ధమ్మంలో పెద్దరికానికి ఏ మాటలు ఉండేవి, ఆ మాటలు మన తెలుగు నేల మీద ఎలా నిలిచాయి, తరువాత ఏమైపోయాయి అన్న ప్రశ్నలు మన సంఘాల రేపటికి సంబంధించినవి.

ఢిల్లీ రాయి, కర్నూలు రాయి

మయూర్ విహార్ నుండి నది దాటితే ఫిరోజ్ షా కోట్ల ఉన్నది. అక్కడి శిథిల సౌధం మీద నిలిచిన రాతి స్తంభాన్ని 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రా అనే గ్రామం నుండి యమున మీదుగా తెప్పించాడు. దాని మీది అక్షరాలను అప్పటి పండితులెవరూ చదవలేకపోయారు. జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని ఛేదించాకనే అవి అశోకుని ధమ్మ శాసనాలని లోకానికి తెలిసింది. అందులోని నాలుగవ శాసనం పూర్తిగా నిర్వాహకుల గురించినది. అక్కడ కనిపించే పదవి పేరు రజుక. ఇది రజ్జువు, అనగా తాడు, అన్న మాట నుండి వచ్చిందని పండితుల అభిప్రాయం. తాడుతో పొలం కొలిచే ఉద్యోగి క్రమంగా లక్షల జనం మీద అధికారి అయినాడు. అశోకుడు ఈ రజుకులకు శిక్షలోనూ సత్కారంలోనూ స్వతంత్రత ఇచ్చి, అందుకు ఒక పోలిక చెప్పాడు. నేర్పరి అయిన దాది చేతికి బిడ్డను అప్పగించి తల్లిదండ్రులు ఎట్లా నిశ్చింతగా ఉంటారో, ప్రజలను వారికి అప్పగించి తాను అట్లా ఉంటానన్నాడు. చక్రవర్తి తన ఉన్నతాధికారిని సింహంతోనో ఏనుగుతోనో పోల్చలేదు, దాదితో పోల్చాడు. మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు ఇవ్వాలన్న ఆజ్ఞ కూడా ఈ శాసనంలోనిదే.

ఇదే రజుక పదం మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి రాతి మీద ఉన్నది. రాజు మహామాత్రులను, మహామాత్రులు రజుకుని ఆజ్ఞాపించాలనీ, రజుకుడు భేరి మోగించి జానపదులకూ రఠికులకూ ధమ్మాన్ని తెలపాలనీ అక్కడి లఘు శాసనం చెబుతున్నది. ఏనుగు నెక్కేవారు, కరణకులు, బండ్లను తోలడం నేర్పే ఆచార్యులు, బ్రాహ్మణులు తమతమ శిష్యులకు దీనిని బోధించాలన్నది తరువాతి మాట. కరణక అంటే లేఖకుడు. ఈ పదాన్ని జ్ఞాపకం పెట్టుకొందాం. దీనితో మనకు మళ్లీ పని ఉన్నది.

ఢిల్లీకీ కర్నూలుకూ మరొక చుట్టరికం ఉన్నది. దక్షిణ ఢిల్లీలోని బహాపూర్ గుట్ట మీద 1966లో వెలుగు చూసిన అశోక శాసనం, ఎఱ్ఱగుడిలోనూ రాజుల మందగిరిలోనూ ఉన్న మొదటి లఘు శాసనం ఒకే పాఠానికి ప్రతులు. ధమ్మంలో పరాక్రమించి ఫలం పొందడం గొప్పవారికి మాత్రమే సాధ్యమని అనుకోవద్దనీ, చిన్నవారూ సాధించగలరనీ ఆ పాఠం చెబుతున్నది. చిన్నవారికి అక్కడ వాడిన మాట ఖుదక, అంటే క్షుద్రకులు. ఆ మాటను తరువాతి సంస్కృత సాహిత్యం ఎంత నీచార్థంలో వాడిందో మనకు తెలుసు. అశోకుని రాతి మీద మాత్రం ఖుదకుడు మహాత్ముని పక్కనే, అదే వాక్యంలో, అదే ప్రయత్నంలో నిలబడి ఉన్నాడు. తెలుగు దేశం నుండి బతుకుతెరువుకు ఢిల్లీ వచ్చిన మనకు రెండు చోట్లా ఒకే మాట చెప్పిన రాళ్లు ఉండడం చిన్న భాగ్యం కాదు.

సమ్మతి నుండి పుట్టిన పెద్దరికం

పెద్దరికపు మాటలకు అర్థం చెప్పే పని తథాగతుడే చేశాడు. దీఘ నికాయంలోని అగ్గఞ్ఞ సుత్తంలో ఆయన వాసెట్ఠ, భారద్వాజులనే ఇద్దరికి రాజ్యం ఎట్లా పుట్టిందో వివరిస్తాడు. పొలాలకు గట్లు ఏర్పడి, దొంగతనాలు మొదలై, తగవులు పెరిగినప్పుడు జనం కూడి తమలో ఒకరిని ఎన్నుకొన్నారు. తప్పు చేసినవానిని మందలించడం అతని పని. అందుకు ప్రతిఫలంగా ధాన్యంలో భాగం అతని జీతం. మహాజనం సమ్మతించినవాడు కనుక మహాసమ్మతుడు. క్షేత్రాలకు అధిపతి కనుక ఖత్తియుడు. ధమ్మంతో జనాన్ని రంజింపజేస్తాడు కనుక రాజు. భుజాల నుండి పుట్టినవాడు పాలకుడు, పాదాల నుండి పుట్టినవాడు సేవకుడు అని లోకం నమ్ముతున్న కాలంలో, పాలకుని పేరు పుట్టుక నుండి కాక పని నుండీ ఒప్పుకోలు నుండీ వచ్చిందని చెప్పడం ఎంతటి తిరుగుబాటో మనం గ్రహించాలి.

సమ్మత అన్న ఈ మాటే సంఘం లోపలికి వచ్చింది. భిక్షు సంఘంలో ఏ పనికైనా ఒకరిని నియమించడాన్ని వినయ గ్రంథాలు సమ్ముతి అంటాయి. పడకలూ వసతులూ కేటాయించేవాడు సేనాసన పఞ్ఞాపకుడు. భోజనాల పంపకం చూసేవాడు భత్తుద్దేసకుడు. సామాన్ల గది కాచేవాడు భండాగారికుడు. అభిప్రాయ భేదం వచ్చినప్పుడు ఓటు పుల్లలను పంచి లెక్కించేవాడు సలాకగాహాపకుడు. ఈ పేర్లలో ఎక్కడా అధిపతి, ఈశ్వరుడు, ప్రభువు అన్న మాటలు లేవు. ప్రతి పేరూ ఒక పనిని చెప్పి ఊరుకొంటుంది. ఆ పనికి అర్హత ఏమిటంటే నాలుగు అగతులు లేకపోవడం: ఇష్టం వల్ల, ద్వేషం వల్ల, మోహం వల్ల, భయం వల్ల దారి తప్పకపోవడం. దానికి తోడు, ఇచ్చినదేదో ఇవ్వనిదేదో తెలిసి ఉండడం. అశోకుడు తోసలి నగర న్యాయాధికారులకు కళింగలో చెక్కించిన ప్రత్యేక శాసనంలో ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, సోమరితనం వదలుకోమన్నాడు. విహారంలో పుట్టిన కొలమానం రాజ్యానికి చేరిందని మేము భావిస్తున్నాము.

వసతులూ భోజనాలూ చూసే బాధ్యతను మొదట కోరి తీసుకొన్నవాడు మల్లపుత్ర దబ్బుడు. పంపకంలో తమకు అన్యాయం చేశాడని పగబట్టిన కొందరు భిక్షువులు ఆయన మీద ఘోరమైన అబద్ధపు నింద వేయించారు. సంఘం విచారించి ఆయనను నిర్దోషిగా తేల్చింది. బాధ్యత తీసుకొన్నవాడిని ప్రశ్నించే హక్కు అందరికీ ఉన్నది; నింద పడితే విచారణ జరగాలి; విచారణ కోసం సభ్యులంతా కూడాలి. మన సంఘాలలో రచ్చకెక్కి చీలికలుగా ముగిసే తగవులను తలచుకొంటే ఈ కథ ఇరవై అయిదు శతాబ్దాల కిందటిదని అనిపించదు.

సంఘం మొత్తానికి పెద్ద ఎవరన్న ప్రశ్నకు వచ్చిన సమాధానం ఇంకా గొప్పది. సంఘాన్ని తనకు అప్పగించమని దేవదత్తుడు అడిగినప్పుడు, సారిపుత్త మొగ్గల్లానులకైనా అప్పగించనని బుద్ధుడు అన్నాడు. ఆయన పరినిర్వాణం తరువాత మగధ మహామాత్యుడు వస్సకారుడు ఆనందుని కలిసి, గౌతముని స్థానంలో ఎవరిని నిలిపారని అడిగాడు. ఎవరినీ నిలపలేదని ఆనందుడు చెప్పాడు. మరి దిక్కు లేనివారు ఎట్లా ఐకమత్యంతో ఉన్నారని మంత్రికి ఆశ్చర్యం. తమకు దిక్కు లేకపోలేదనీ, ధమ్మమే తమ పటిసరణమనీ ఆనందుని జవాబు. మజ్ఝిమ నికాయంలోని గోపక మొగ్గల్లాన సుత్తంలో ఈ సంభాషణ ఉన్నది. రాజు లేనిదే రాజ్యం ఉండదని నేర్చిన మంత్రికి, వ్యక్తి లేకుండా నియమం మీద నిలిచిన సమాజం అర్థం కాలేదు.

భట్టిప్రోలు పముఖుడు

ఇక మన నేల మీదికి వద్దాం. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పుడు ధాతు కరండాలు దొరికాయి. వాటి రాతి పెట్టెల మీది బ్రాహ్మీ లేఖనాలు తెలుగు నేల మీద దొరికిన అతి ప్రాచీన లేఖనాలలో చేరుతాయి. వాటిలో ఖుబిరకుడనే రాజు పేరు ఉన్నది. చరిత్ర పుస్తకాలు ఆయనను తొలి ఆంధ్ర రాజులలో ఒకనిగా పేర్కొని ముందుకు సాగిపోతాయి. కానీ లేఖనం ఆయనను ఎట్లా పరిచయం చేసిందో చూడాలి. ఆయన సింహ గోఠికి పముఖుడు. గోఠి అంటే గోష్ఠి: ఒక పుణ్యకార్యాన్ని నిర్వహించడానికి కూడిన సభ్యుల సంఘం, నేటి భాషలో కమిటీ. మరికొన్ని లేఖనాలలో ఆ గోష్ఠుల సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. రాజు కూడా ఒక గోష్ఠిలో ముందువరుస సభ్యుడుగా నిలబడ్డాడు. స్తూపం దగ్గర ఆయనకు కిరీటం కంటె ఆ సభ్యత్వమే చెప్పుకోదగినదైంది.

పముఖ అంటే ముందు ముఖం పెట్టి నిలిచినవాడు. ఈ మాటే నేటి తెలుగులో ప్రముఖుడు. కానీ నేడు ప్రముఖుడంటే వేదిక మీద కూర్చునేవాడు, శాలువా కప్పించుకొనేవాడు, ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లేవాడు. దేనికి ప్రముఖుడు అన్న ప్రశ్న ఆ మాటలో నుండి జారిపోయింది. భట్టిప్రోలులో ఆ ప్రశ్నకు జవాబు రాతి మీదనే ఉన్నది. గోష్ఠి అన్న మాటకూ ఇదే గతి పట్టింది. పని చేసే సంఘం పోయి, మాటలు చెప్పుకొనే సభ మిగిలింది.

నవకమ్మికుడు: గడువున్న పెద్దరికం

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనం చివర పని చేయించినవారి పేర్లు ఉన్నాయి. చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు అనే ముగ్గురు నవకమ్మికులు ఆ నిర్మాణాన్ని జరిపించారు. ఆ తరువాత రాతిపని చేసిన విధికుని పేరు కూడా ఉన్నది. దాత పేరు చెక్కి పనివాని పేరు మరచిన శాసనాలు లోకంలో వేలున్నాయి. శ్రీపర్వతం మీది ఈ శాసనం దాతనూ, పర్యవేక్షకులనూ, శిల్పినీ ఒకే రాతి మీద నిలిపింది.

నవకమ్మికుడంటే కొత్త కట్టడాల పని చూసేవాడు. ఈ పదవి గురించి వినయపిటకంలోని చుల్లవగ్గ చెప్పే సంగతి ప్రతి సంఘమూ గోడకు రాసి పెట్టుకోదగినది. మట్టి ముద్ద పెట్టించినంత మాత్రానికి, గోడ మెత్తించినంత మాత్రానికి ఒకరికి ఇరవై ఏండ్లకు, ముప్ఫై ఏండ్లకు, జీవితాంతానికి ఈ బాధ్యతను కట్టబెట్టడం మొదలైందట. బుద్ధుడు దానిని నిషేధించి గడువులు పెట్టాడు. చిన్న విహారం పనికి అయిదారు సంవత్సరాలు, మధ్యరకం కట్టడానికి ఏడెనిమిది, పెద్ద విహారానికి పది పన్నెండు. ఒకరికే రెండు పనులు ఇవ్వకూడదన్నాడు. పదవికి గడువు, పనిని బట్టి గడువు, ఒకరి చేతిలో ఒకటే బాధ్యత: ఈ మూడు నియమాలు రాజ్యాంగాలు రాయడం లోకం నేర్వకముందే భిక్షువుల సభలో రూపుదిద్దుకొన్నాయి.

పనిముట్టు పట్టినవాని పెద్దరికానికి మరొక మాట ఆవేసని, అనగా శిల్పుల బృందానికి పెద్ద. సాంచీ దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల ఆవేసని వాసిష్ఠీపుత్ర ఆనందుని దానం ఉన్నది. మన జగ్గయ్యపేట స్తూపానికి వీరపురుషదత్తుని 20వ ఏట అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినవాడు సిద్ధార్థుడనే ఆవేసని. అతని తండ్రి నాగచంద్రుడూ ఆవేసనియే. కూలి కోసం చెక్కినవాడు తన పదవిని చెప్పుకొని, దాతగా తన పేరును తానే చెక్కించుకొన్నాడు. నేడు అదే పనికి మనం పోర్చుగీసు నుండి వచ్చిన మేస్త్రీ అన్న మాట వాడుతున్నాం. మన సొంత మాట రాళ్లలోనే ఉండిపోయింది.

చర్మకారుడు, ఉపాజ్ఝాయిని

అమరావతి మహాచైత్యానికి కానుకలు ఇచ్చినవారి పేర్ల ముందు ఉన్న మాటలను వరుసగా పేర్చితే ఆనాటి సమాజమంతా కళ్ల ముందు నిలుస్తుంది. గహపతి, సెఠి, రాజలేఖక, ఉపాసిక, థేర, వినయధర, ధమ్మకథిక. ముడుకుతలుడనే సేనగోపుడు, అంటే సేనారక్షకుడు, ప్రాకారానికి ఒక స్తంభం ఇచ్చాడు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకులూ కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చాడు. ఈ విధికుడు నాగార్జునకొండ శిల్పి కాడు, వేరొకడు. ఇతని తండ్రి పేరు నాగ ఉపాజ్ఝాయుడు. అనగా తోలుపని చేసే ఇంటిలో ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఉపాధ్యాయుని కొడుకు తోలుపని చేస్తున్నాడు. ఆ సంగతిని దాచుకోకుండా, మొత్తం కుటుంబంతో మహాచైత్యం మీద చెక్కించుకొన్నాడు.

ఈ ఒక్క శాసనం ముందు మనం కాసేపు నిలవాలి. తరువాతి శతాబ్దాలలో చర్మకారుడు గుడి గడప తొక్కరానివాడైనాడు. ఉపాధ్యాయుడన్న మాట అతని ఇంటికి రాకుండా శాస్త్రాలు కాపలా కాశాయి. రెండు మాటలూ ఒకే ఇంట ఉన్న కాలం ఒకటి ఉండేదని, అది కృష్ణా తీరాన మన నేల మీద ఉండేదని చెప్పడానికి అమరావతి రాయి సాక్ష్యం. నేడు ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నం మధ్యలో అమరావతి పూర్ణఘటమే ఉన్నది. ఆ చిహ్నాన్ని కాగితాల మీద చూసే ప్రతి ఒక్కరూ, అటువంటి ఘటాన్ని ఒక చర్మకార కుటుంబం కానుకగా ఇచ్చిందని తెలుసుకోవడం అవసరం.

స్త్రీల సంగతి కూడా చూడాలి. నాగార్జునకొండ మహాచైత్యాన్ని నిలిపిన చాంతిసిరి శాంతమూలుని సోదరి. ఆమెకు శాసనాలలో ఉన్న మహాతలవరి అన్న బిరుదు మహాతలవరుడైన భర్త ఖందసిరి వల్ల వచ్చినది. రాజకుటుంబపు స్త్రీకి కూడా లోకంలో పదవి భర్త ద్వారానే. కానీ అమరావతిలో సముదియ అనే భిక్షుణి పేరు ముందు ఉపాజ్ఝాయిని అని ఉన్నది. ఆమె వినయధరుడైన పునర్వసుని శిష్యురాలు. ఆమెకు మాల అనే అంతేవాసిని ఉన్నది. ఇది ఎవరి భార్యగానో, ఎవరి కూతురుగానో వచ్చిన పేరు కాదు. నేర్చినందుకు, నేర్పినందుకు వచ్చినది. ఆనాడు స్త్రీకి తన సొంత పదవి పేరును ఇచ్చిన చోటు సంఘం.

మాటలు దిగిపోయిన విధం

తరువాత ఏమైంది? పని పేర్లు పుట్టుక పేర్లుగా మారాయి. సెట్ఠి అంటే వర్తకులలో శ్రేష్ఠుడు. అది శెట్టి అయి కులం పేరైంది. ఎఱ్ఱగుడి రాతి మీద శిష్యులకు ధమ్మం బోధించవలసిన కరణకుని పేరు, ఊరి లెక్కలు తండ్రి నుండి కొడుకుకు పట్టుకుపోయే కరణం అయింది. భూమి ఎవరిదో కాగితం మీద తేల్చే ఆ కలం మన పూర్వుల మీద ఎట్లా నడిచిందో వేరుగా చెప్పనక్కరలేదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసేవరకు ఆ వంశపారంపర్యపు నీడ పల్లెల మీద ఉన్నది.

కొన్ని మాటలు మెట్లు దిగాయి. ఇక్ష్వాకుల కాలంలో మహాతలవరుడంటే రాజుకు అల్లుడో బావమరిదో కాదగిన సామంతుడు. ఆ తలవరి అన్న మాటే తలారి అయి, పల్లెలో రాత్రి కాపలా తిరిగే గ్రామ సేవకుని పేరుగా మిగిలింది. రజుకుడు మోగించవలసిన భేరి దండోరా అయింది. దానిని మోగించినవాడికి పదవి పేరు లేదు, కులం పేరే ఉన్నది. గడువుతో ఇచ్చిన బాధ్యత జన్మహక్కుగా మారడం ఒక వైపు, ఆ పనికి ఉన్న గౌరవం చేతులు మారడం మరొక వైపు. బౌద్ధం ఈ నేల నుండి తొలగిపోవడమంటే విహారాలు కూలడం మాత్రమే కాదు. సమ్మతి అన్న మాట పెద్దరికం నుండి విడిపోవడం కూడా.

1949, 1956

ఆ మాటను తిరిగి పెద్దరికానికి జోడించినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1949 నవంబరు 25న ఈ ఢిల్లీలోనే రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగంలో ఆయన బౌద్ధ భిక్షు సంఘాలను పేరెత్తి చెప్పాడు. కూర్చునే వరుస, తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు, రహస్య ఓటు వంటి సభా నియమాలన్నీ ఆ సంఘాలకు తెలుసుననీ, ప్రజాస్వామ్యం ఈ దేశానికి పరాయిది కాదనీ వివరించాడు. అదే ప్రసంగంలో మరొక హెచ్చరిక చేశాడు. రాజకీయాలలో భక్తి, వీరపూజ ప్రజలను పతనానికి, చివరకు నియంతృత్వానికి తీసుకుపోతాయన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే ప్రసంగంలో ఉండడం యాదృచ్ఛికం కాదని మా నమ్మకం. సలాకగాహాపకుని తెలిసినవాడికి వీరపూజ పనికిరాదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చంద్రమణి మహాస్థవిరుల నుండి దీక్ష తీసుకొన్న వెంటనే, ఒక గృహస్థ ఉపాసకుడుగా ఆయనే లక్షల మందికి దీక్ష ఇచ్చాడు. ఆ పని చేసినందుకు తనకొక బిరుదు కల్పించుకోలేదు. బుద్ధుడు మార్గదాత, మోక్షదాత కాడని తన గ్రంథం ‘బుద్ధుడు, ఆయన ధమ్మము’లో తేల్చి చెప్పాడు. దారి చూపినవానిని గౌరవించడానికి సరైన పద్ధతి ఆ దారిన నడవడమే. విగ్రహానికి దండ వేసి, నడకను రేపటికి వాయిదా వేస్తే, దండ వేసిన చేతులు ఖాళీగానే మిగులుతాయి.

మన సంఘాలకు ఒక విన్నపం

మయూర్ విహార్‌లోని హౌసింగ్ సొసైటీలలో మేనేజింగ్ కమిటీ ఉంటుంది, ఎన్నికలు ఉంటాయి, ప్రధాన్‌జీ ఉంటాడు. గేటు దగ్గర గార్డు ఉంటాడు, అతనిని చౌకీదార్ అని పిలుస్తారు, చాలాసార్లు అతని పేరు ఎవరికీ తెలియదు. ఎన్నిక ఉన్న చోట కూడా సమ్మతి ఉండకపోవచ్చు. పదవి పేరు ఉన్న చోట కూడా మనిషి పేరు మాయమైపోవచ్చు. తలవరి తలారి అయిన కథ ఇక్కడ ప్రతిరోజూ మళ్లీ జరుగుతున్నది. మన సంఘాలు ఈ లోకంలోనే ఉన్నాయి కనుక ఈ గాలి మనకూ సోకుతుంది. ఒకే మనిషి ఏండ్ల తరబడి అధ్యక్షుడు, అతని ఇంటిలోనే లెక్కల పుస్తకం, స్త్రీలకు వంట ఏర్పాట్లు, యువకులకు బ్యానరు కట్టే పని: ఇటువంటి సంఘాన్ని చూడని పాఠకులు ఈ సంచికకు అరుదుగానే ఉంటారు.

అధ్యక్షుడు, కార్యదర్శి అన్న మాటలను తీసివేసి పాళీ పదాలు పెట్టమని మేము కోరడం లేదు. నవకమ్మికుడన్న పేరు పెట్టుకొని జీవితాంతం కుర్చీని పట్టుకొంటే ఆ పేరుకు అవమానం. ఆ మాటల వెనుక ఉన్న నియమాలను తెచ్చుకొందాం. ప్రతి పదవికి గడువు, గడువు తరువాత దిగిపోవడం. ఒకరికి ఒకటే బాధ్యత. నియమించేటప్పుడు నాలుగు అగతులను సభలో చదివి, అందరి సమ్మతిని నోటితో అడగడం. వసతి, భోజనం, సామాను, లెక్క అనే పనులు చూసేవారి పేర్లను అతిథుల పేర్లతో సమానంగా ఆహ్వాన పత్రంలో వేయడం. ఉపాసికలను వంట ఏర్పాట్లకు పరిమితం చేయకుండా ధమ్మం నేర్పే స్థానంలో నిలపడం. సముదియకు ఆ పేరు ఇచ్చిన సంఘానికి వారసులం మనం. కట్టడం పూర్తయితే, బోధిసిరి చేసినట్లు, తాపీ పట్టినవాని పేరును దాత పేరు ఉన్న రాతి మీదనే చెక్కించడం.

విహారానికి పేరు రాజులు పెట్టవచ్చు, నగర పాలకులు పెట్టవచ్చు. దానిని విహారం చేసేది లోపల పడకలు సరిగా పంచేవాడు, గంజి అందరికీ అందిందో లేదో చూసేవాడు, ఓటు పుల్లలను భయం లేకుండా లెక్కించేవాడు. ఆ పనులకు మన మధ్య మనుషులు ఉన్నారు. రాబోయే సర్వసభ్య సమావేశంలో వారి పేర్లను ప్రతిపాదించి, సమ్మతి అడుగుదాం.